పసుపు పుల్లలో ఎలుక

ఆ రోజుల్లో పరిశోధన అంటే సగం ఓపిక, సగం అరువు. ఎనభైల చివర్లో హైదరాబాదులో ఓ ప్రయోగశాలలో చేరేటప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. తెల్లకోటు వేసుకుంటే చాలు, రోగాలు భయపడి తలుపు చాటున దాక్కుంటాయని నమ్మే వయసు. (ఆ తెల్లకోటు కూడా నాది కాదు. నాకంటే ముందు చదివి వెళ్లిపోయిన ఓ పొడుగాయనది. చేతులు మూడు మడతలు పెడితే తప్ప నా వేళ్లు బయటికి కనిపించేవి కావు.) ఇప్పుడు మా దగ్గరికి వచ్చే పిల్లలు యాంటీబాడీ కావాలంటే కంప్యూటర్ ముందు కూర్చుని దాని జన్యువులో ఇక్కడో ముక్క తీసి అక్కడో ముక్క అతికించి, బాక్టీరియాలో పెంచుకుని, మధ్యలో క్యాంటీన్‌కు కూడా వెళ్లి వస్తారు. వాళ్లకు నా ఎలుకల సంగతి, బర్రెల సంగతి చెబితే మర్యాదగా నవ్వుతారు. ఆ మర్యాద భరించలేకే ఇది రాస్తున్నాను.

మా సారు నాకిచ్చిన పని కట్లపాము విషం మీద. ఒంట్లోకి పరాయిది ఏది వచ్చినా ఒళ్లు ఊరుకోదు, దాన్ని పట్టుకునే ప్రొటీన్లు తయారు చేసుకుంటుంది. వాటినే యాంటీబాడీలంటారు. పాముకాటుకు ఇచ్చే విరుగుడు మందు కూడా అదే సరుకు. గుర్రానికి కొద్దికొద్దిగా విషం అలవాటు చేసి, దాని రక్తంలో పుట్టిన యాంటీబాడీలను మనకు ఎక్కిస్తారు. కాకపోతే గుర్రం ఇచ్చేది కలగూరగంప. మా సారుకు కావలసింది ఒకే ఒక్క రకం. నాగుపాము విషం ఎదురైనా, రక్తపింజర విషం ఎదురైనా పలకకుండా, కట్లపాము విషంలోని ఒకే ఒక్క ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకునేది. అది చేతికొస్తే ఆ ప్రొటీన్ నరాన్ని ఎక్కడ పట్టి ఆపుతుందో చూడొచ్చు, రక్తపు చుక్కలో కట్లపాము విషం ఉందో లేదో చెప్పొచ్చు, ఎప్పటికైనా మందుగా కూడా మలచొచ్చు. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం ఎలుకకు విషం మప్పి, దాని ప్లీహంలోని కణాలను బయటికి తీసి, చావంటే తెలియని కాన్సర్ కణాలతో కలిపి, అలా కలిసిన వేలాది జంటల్లో మనకు కావలసిన యాంటీబాడీ చేసే ఒక్క జంటను వెతికి పట్టుకోవాలి. ఆ ఒక్కటి దొరికితే ఇక అది బతికున్నంత కాలం, అంటే మనం సరిగ్గా చూసుకున్నంత కాలం, ఆ యాంటీబాడీని తయారు చేస్తూనే ఉంటుంది.

నాకు అది దొరకడానికి రెండేళ్లు పట్టింది. మధ్యలో బూజు పట్టి కొన్ని, కరెంటు పోయి కొన్ని, నా చేతకానితనం వల్ల చాలా ఎక్కువ పోయాయి. చివరికి ఒక రోజు, యాంటీబాడీ కట్లపాము విషాన్ని పడితే రంగు తిరిగే పరీక్షలో, నాలుగో పళ్లెం, బి వరస, ఏడో గుంటలో నీళ్లు చక్కటి పసుపు రంగుకు తిరిగాయి. పక్కనే నాగుపాము విషం పోసిన పళ్లెంలో ఏ రంగూ లేదు. ఆ కణానికి '4బి7' అని పేరు పెట్టి, ఆ సాయంత్రం ప్రయోగశాల అందరికీ పాలకోవా పంచాను. మా సారు (ఆయన గోదావరి వైపు మనిషి, మెచ్చుకోవడం అలవాటు లేదు) కోవా బిళ్ల నోట్లో వేసుకుని, "దీన్ని ఒకచోటే ఉంచకమ్మా. మన నైట్రోజన్ ప్లాంటును నమ్మడానికి లేదు. ఊళ్లో ఉన్న ల్యాబులన్నీ ఆ ప్లాంటు మీదే బతుకుతున్నాయి. ఎక్కడైనా బయట ఒక జత దాచు" అన్నారు. కణాలను ద్రవ నైట్రోజన్‌లో ముంచి ఉంచితే ఏళ్లకు ఏళ్లు నిద్రపోతాయి. ఆ నైట్రోజన్ ఆవిరైపోతే అంతే సంగతులు. బయట అంటే ఎక్కడ? ఆ రోజుల్లో హైదరాబాదు దాటితే ద్రవ నైట్రోజన్ ఉండే చోటు నాకు తెలిసి ఒక్కటే. పశువుల దవాఖాన. బర్రెలకు, ఆవులకు ఎక్కించే మేలుజాతి బీజాన్ని సన్నటి ప్లాస్టిక్ స్ట్రాలలో నింపి, ఆ నైట్రోజన్ డబ్బాల్లోనే నిలవ చేస్తారు. మహబూబ్‌నగర్ జిల్లాలో ఆత్మకూరు దాటి కృష్ణ వైపు వెళ్లే దారిలో ఓ చిన్న ఊళ్లో అలాంటి దవాఖాన ఉంది. అందులో కాంపౌండర్ మా మేనమామ.

మామకు మీసం ఎంత పెద్దదో మొహమాటం అంత పెద్దది. మేనకోడలి ముందు బర్రెలు కట్టించే సంగతి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా గోడ మీద క్యాలెండరు వైపు తిరిగి మాట్లాడేవాడు. స్ట్రాలను 'సామాను' అనేవాడు (ఊళ్లోవాళ్లకు అవి 'పుల్లలు'). కణాలు దాచే విదేశీ సీసాలు మా సారు బీరువాలో తాళం వేసి ఉండేవి, పైగా మామ డబ్బాలో పట్టవు. అందుకని ఆయనే నాకు ఓ గుప్పెడు ఖాళీ స్ట్రాలు ఇచ్చాడు, పసుపు రంగువి. "గీ రంగు ఇక్కడ నడుస్తలేదు కోడలా. మావన్ని వేరే రంగులు. కలిసిపోయే ఫికర్ లేదు" అన్నాడు క్యాలెండరుతో. నేను వాటిని పట్నం తీసుకెళ్లి, కణాలు నింపి, మూతులు మూసి, ఒక్కోదాని మీద 4బి7 అని రాసి, ఆగస్టు నెలలో చిన్న నైట్రోజన్ డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను. మూత సందులోంచి తెల్లటి పొగ వస్తోంది. కండక్టరు వంగి చూశాడు. "ఏందమ్మా గది? పేలుతదా?" "పేలదన్నా." "పేలదు గద, అయితె ఎనక సీట్ల కూసో, అందరికి దూరంగ." ఆత్మకూరు దాకా నా పక్కన ఎవరూ కూర్చోలేదు. అంత సుఖమైన బస్సు ప్రయాణం నా జన్మలో మళ్లీ చేయలేదు.

ఆరు స్ట్రాలు. మామ వాటిని చిన్న గొట్టంలో నిలబెట్టి, గొట్టానికి ఎర్ర దారం కట్టి, అన్నిటికీ ఎడంగా డబ్బాలోకి దించాడు. ఎలుకల సంగతి తమ డాక్టరుకు చెప్పనన్నాడు. సర్కారు డబ్బాలో ఎలుక ఉందంటే జవాబు చెప్పుకోలేక చావాలట. కాగితం కూడా పెట్టనన్నాడు. "నేనున్న గద, ఇంక కాయితమెందుకు? నాకంటె ఎక్కువనా కాయితం?" అన్నాడు. నిజమే కదా అనుకుని, అత్త పెట్టిన జొన్నరొట్టెలు తిని వచ్చేశాను. ఆ ధీమాతోనే అయిదు నెలలు హాయిగా గడిచాయి. ఇక్కడ నా ఘనత ఒకటి చెప్పుకోవాలి. ప్రయోగశాలలో మా పెద్ద డబ్బా నింపే పని వంతుల వారీగా ఉండేది. చెక్క స్కేలు లోపల ముంచి, దాని మీద మంచు ఎంత మేర పట్టిందో చూసి, గోడ మీద పట్టీలో గుర్తు పెట్టాలి. జనవరిలో నా వంతు వచ్చినప్పుడు ఒకే పూట రెండు వారాల గుర్తులు పెట్టేసి (ఎలాగూ తగ్గదు కదా అని) చిన్నమ్మ కూతురి పెళ్లికి నల్లగొండ వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి డబ్బా మెడ దగ్గర ఎక్కడో సన్నటి పగులు. స్కేలు ముంచితే పొడిగా పైకి వచ్చింది. ఆ వారమే పొదిగింపు పెట్టెలో పెరుగుతున్న కణాలకు నల్లబూజు పట్టింది. అంటే లోకంలో 4బి7 అన్నది మామ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేదు. సారు పట్టీలో నేను ముందుగానే పెట్టిన గుర్తుల వైపు ఓసారి, నా వైపు ఓసారి చూసి, "మీ మావయ్య ఊరికి బస్సు ఎన్నింటికి?" అని మాత్రం అడిగారు. నా ఫెలోషిప్‌కు ఇక ఆరు నెలలే గడువు. మళ్లీ ఎలుకతో మొదలుపెట్టే వ్యవధి లేదు.

మర్నాడు పొద్దున్నే మామ ఇంటి ముందు దిగితే, ఆయన నవారు మంచం మీద దిండ్లకు ఆనుకుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. హెర్నియా ఆపరేషన్ అయి నెలన్నర అయిందట. "కుట్లు చీము వట్టె కోడలా, ఇగ లేస్త, అగ లేస్త అనుకుంటనే గిన్ని దినాలాయె. నీకు ఉత్తరం రాద్దామనుకున్న, పరేషాన్ జేసుడెందుకని ఊకున్న" అన్నాడు. "మామా, మరి దవాఖానల ఎవరున్నరు?" "నల్లగొండ దిక్కు నుంచి ఒకాయనను ఏసిన్రు. చష్మా సారు అంటరు. మంచోడు, బీడీ గూడ తాగడు." "మన గొట్టం సంగతి జెప్పినవా?" మామ మంచం పక్కన గోడ మీద క్యాలెండరు కోసం వెతికాడు. అక్కడ క్యాలెండరు లేదు. నేను సంచీ అక్కడే పడేసి దవాఖాన వైపు పరుగెత్తాను.

దవాఖాన ముందు పశువులను నిలబెట్టే ఇనుప చట్రంలో ఓ నల్లటి బర్రె నిలబడి ఉంది. దాని మెడ మీద చెయ్యి వేసి ఓ పెద్దావిడ, ముక్కుకు చిన్న పుల్ల, తల మీద తెల్లటి దుపట్టా. చుట్టుపక్కల వాళ్లంతా ఆమెను బీబమ్మ అనేవాళ్లు. లోపల సోడాబుడ్డి అద్దాలాయన నైట్రోజన్ డబ్బా మూత తీసి, పొగలోకి వంగి, పొడుగాటి పట్టకారుతో ఏదో పైకి తీస్తున్నాడు. పొగలోంచి పసుపు రంగు కనిపించింది. పక్కన గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు సిద్ధంగా ఉన్నాయి. స్ట్రా సన్నం. పది లెక్కపెట్టేలోపు కరిగిపోతుంది, ఆ నీళ్లలో పడితే అంత కూడా పట్టదు. పట్నంలో నాలుగేళ్లుగా నేను 'దయచేసి', 'క్షమించాలి' అని నేర్చుకున్న భాషంతా ఎక్కడికి పోయిందో, "ఆగుండ్రి! లోపల వెట్టుండ్రి! గది బర్రెది గాదు!" అని కేక పెట్టాను. ఆయన ఉలిక్కిపడి చెయ్యి వదిలేశాడు. అదృష్టం, స్ట్రా డబ్బాలోకే పడింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు అద్దాలు సర్దుకుంటూ. కాంపౌండర్ మేనకోడలినని చెప్పాను. అందుకు ఆయన మొహం వికసించకపోగా ముడుచుకుంది. "అనుకున్న. ఎవరో ఒకరు ఒస్తరని నాకు ఎర్కే" అన్నాడు. "ఎర్ర దారం గొట్టంలో ఆరుండాలి సార్. ఎన్ని ఉన్నయ్?" "ఒకటి." "మిగిలినవి?" ఆయన నిటారుగా నిలబడ్డాడు. "ముప్పై ఏండ్లసంది జూస్తున్న నౌకరీల. మంచి సరుకు పక్కకు వెట్టుడు, దారం గట్టుడు, పటేండ్ల బర్రెలొస్తె తీసుడు. మీ మామ మంచోడే గానీ ఆయన గూడ గదే జేసిండు. నేనుండంగ గట్ల నడవది. ఒక్క బర్రె మీద బతికేటోళ్లకు ఏసిన, అయిదుగురికి. నియ్యత్‌గ ఏసిన. రిజిస్టర్ల గూడ రాసిన, జూస్కో." రిజిస్టరు నా ముందుకు తోశాడు. దున్నపోతు నంబరు అన్న గడిలో, గుండ్రటి అక్షరాలతో, అయిదు సార్లు, 4బి7. (జాతి అన్న గడిలో 'హర్యానా దిక్కుది కావచ్చు' అని రాసి ఉంది. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకుండా 'కావచ్చు' అన్న ఆ నిజాయితీ మా శాస్త్రంలో చాలామందికి లేదు.)

నాకు ఏడుపు వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది కానీ అప్పుడు మాత్రం అచ్చంగా ఏడుపే. రెండేళ్లు నిద్ర మానుకుని పెంచిన నా కణాలు, సమాజంలో న్యాయం కోసం, అయిదు బర్రెల కడుపుల్లోకి పోయాయి. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా దారి దొరకలేదు. నిజానికి ఆయన అనుకున్నట్టే చాలాచోట్ల జరిగేదని నాకూ తెలుసు. సరే, ఒకటైనా మిగిలింది కదా, అది తీసుకుని పోతానన్నాను. అప్పటిదాకా బర్రె పక్కన నిలబడి వింటున్న బీబమ్మ గడప దగ్గరికి వచ్చింది.

"ఎట్ల గొంచవోతవ్? గది నా బర్రెకు. నాలుగు కోసులు నడిపిచ్చుకుంట తెచ్చిన పొద్దుగాల. రెండుమాట్ల ఎర్ర పుల్ల ఏసిన్రు, నిలవలె. మా పక్కింటోళ్లకు పసుపు పుల్ల ఏస్తె ఒక్క దెబ్బకు కట్టింది. ఇయ్యాల తప్పితె మల్ల ఇర్వై దినాలు గావాలె. అప్పటిదాంక పాలెవరిస్తరు, నీ మామనా?" అంది. చష్మా సారు గర్వంగా వేళ్లు చూపించాడు. "అయిదుట్ల మూడు మల్ల ఎదకు రాలె. మూడు! మా నల్లగొండల గూడ గింత ఎన్నడు జూడలె." ఎలుక కణాలతో బర్రెలు చూడి కట్టవని నాకు తెలుసు. (ఊరి దున్నపోతు ఒకటి ఆ చలికాలమంతా కట్టు తెంపుకుని తిరిగిందని తర్వాత మామ చెప్పాడు, గోడ వైపు చూస్తూ.) కానీ ఆ క్షణంలో పసుపు పుల్లకు చుట్టుపక్కల ఊళ్లలో పేరు వచ్చేసింది. శాస్త్రంలో నాకు వచ్చిన మొదటి కీర్తి అదే.

బీబమ్మ నా వైపు మెడ చాచి, "పట్నంల పెద్దోళ్ల బర్రెలకు గొంచవోతున్నవు గద?" అంది. కాదు, ఇది పరిశోధనకు సంబంధించినది, ఇందులో సంకర కణాలు ఉన్నాయి, అవి ఏకరూప ప్రతిరక్షకాలను స్రవిస్తాయి అని నేను మొదలుపెట్టాను. నాకు తెలిసిన అత్యంత సులువైన తెలుగు అదే అనుకున్నాను. బీబమ్మ చష్మా సారును చూసింది, చష్మా సారు బర్రెను చూశాడు. ఇక లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పేశాను. "అమ్మా, అండ్ల దున్నపోతుది ఏం లేదు. ఎల్కది ఉన్నది."

చష్మా సారు స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "అంటె... నేను అయిదు బర్రెలకు ఎల్కను ఏసిన్నా?" అన్నాడు సన్నటి గొంతుతో. "ఎల్క గాదు సార్, దాని కండల ఉండే చిన్న చిన్న కణాలు." "ఎల్కలు వుట్టయి గద?" "పుట్టయి." "జర పక్కా జెప్పమ్మా. నాకు రిటైరుమెంటు ఆర్నెల్లున్నది." పక్కా అని ఒట్టేశాను. బీబమ్మ మాత్రం స్టూలు కోసం వెతకలేదు. దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేదాకా నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుని, ఒక మామూలు ప్రశ్న అడిగింది. అది మా ప్రయోగశాలకు వచ్చిన పెద్దమనుషులెవరూ నన్ను అడగలేదు. "గంత ఎల్కను గింత సల్లగ, గింత పైలంగ ఎందుకు దాసినవు బిడ్డా?"

అప్పుడు చెప్పాను, ఈసారి మా అవ్వతో మాట్లాడినట్టు. ఒంట్లోకి విషం పోతే ఒళ్లు దాన్ని పట్టుకునే మనుషులను తయారు చేస్తుందని, ఆ ఎలుకకు కట్లపాము విషం కొద్దికొద్దిగా ఇచ్చి అలాంటి వాటిని పుట్టించానని, అందులో ఇది ఒక్క కట్లపాము విషాన్ని తప్ప ఇంకే పాముదీ ముట్టుకోదని. "బర్రె తన దుడ్డెను మూతి వెట్టి గుర్తువట్టినట్ల" అంది బీబమ్మ. అవునన్నాను. (తర్వాత ఇరవై ఏళ్లు విద్యార్థులకు నేను ఆ బర్రెనే చెప్పాను.) "మనిషి రకతంల కట్లపాము ఇసం ఉంటె జెప్తదా నీ ఎల్క?" "జెప్తది. ఇంక శానా పని ఉన్నది గానీ, జెప్తది." ఆమె కాసేపు బర్రె వీపు మీద పురుగులేవో దులిపింది.

"నా తమ్ముడు గట్లనే వోయిండు" అంది తర్వాత. గొంతులో ఏ మార్పూ లేదు. "పల్లికాయ పీకేటప్పుడు కల్లంల పండిండు. పొద్దుగాల లేసి కడుపునొస్తాందన్నడు. ఓమనీళ్లు తాపిచ్చిన్రు. రెప్పలు మూతవడుతుంటె దవాఖానకు గొంచవోయిన్రు. ఆడ గూడ కడుపునొప్పి సూదే ఏసిన్రు. పగటీలికి వోయిండు. మల్ల బొంత దులిపితె కింద ఉన్నది పాము. డాక్టర్ తప్పేం లేదు బిడ్డా. ఇంత కాటు లేదు, వాపు లేదు. పాము అని ఎవరికి ఎర్క?" చష్మా సారు నేల చూశాడు. నేను కూడా. రెండున్నరేళ్లుగా కట్లపాము విషంతో పనిచేస్తున్నాను కదా, దాని కాటు కనిపించదని, కడుపునొప్పిగా మొదలవుతుందని పుస్తకంలో చదివాను కదా, ఆ వాక్యం కింద గీత కూడా గీశాను. గీత గీసినప్పుడు మాత్రం అది ఒక మనిషి సంగతి అని నాకు తట్టలేదు. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

"అయితె గొంచవో" అంది బీబమ్మ. నాలుగు కోసులు నడిచి వచ్చి, ఆశ పెట్టుకున్న పుల్లను అంత తేలిగ్గా వదిలేసింది. "సారూ, ఆ ఎర్రదో తెల్లదో ఏదో ఒకటి ఏయి. నా బర్రె నసీబు ఎట్లుంటె గట్లయితది." చష్మా సారు చేతులు కడుక్కుని, ఈసారి స్ట్రా మీది నంబరును నాలుగుసార్లు చదివి, నాకు కూడా చూపించి, దున్నదేనని నేను తల ఊపాకే నీళ్లలో వేశాడు. నేను నా ఒక్కగానొక్క పసుపు పుల్లను చిన్న డబ్బాలోకి మార్చుకున్నాను. బర్రె పని అయ్యేదాకా బయట ఆగాను. ఎందుకాగానో తెలియదు. ఆమె వెళ్తూ, "పైలంగ వో బిడ్డా. బస్సుల కుదుపు ఎక్కువుంటది, ఒళ్లె వెట్టుకో" అంది. పట్నం దాకా ఆ డబ్బాను ఒళ్లోనే పెట్టుకున్నాను. మంచు పట్టి మోకాళ్లు తిమ్మిరెక్కినా దించలేదు.

ప్రయోగశాలలో సారు, నేను కలిసి ఆ పుల్లను కరిగించాం. సూక్ష్మదర్శినిలో చూస్తే నూటికి తొంభై కణాలు చచ్చిపోయి ఉన్నాయి, పొగలో వేలాడిన ఆ కాస్త సేపటికే. మిగిలినవి కూడా ఏమంత హుషారుగా లేవు. రోజూ పొద్దున్నే వెళ్లి చూడడం, ఏమీ లేదని రావడం. ఆరో రోజు సారు, "ఇంకో ఎలుకను చూసుకుందామా అమ్మా?" అన్నారు మెల్లగా. ఇంకో రెండు రోజులు చూద్దాం సార్ అన్నాను. ఎనిమిదో రోజు గుంట అంచున, చిన్న గుంపుగా, ముత్యాల్లా గుండ్రటి కణాలు. నేను కుర్చీలోంచి లేవకుండానే సారును పిలిచాను. ఆయన చూసి, చాలాసేపు చూసి, "బతికిపోయాం" అన్నారు. మెచ్చుకోవడం అలవాటు లేని మనిషి నుంచి అది నాకు సన్మానం. పళ్లెంలో పసుపు రంగు మళ్లీ తిరిగింది, పక్క పళ్లెంలో ఏ రంగూ రాలేదు. ఆ ఎండాకాలం మామ ఉత్తరం రాశాడు. కుట్లు మానాయని, చష్మా సారు వెళ్తూ వెళ్తూ ఆయన చేత డబ్బాలో ఏ గొట్టంలో ఏముందో కాగితం రాయించి గోడకు అంటించాడని. బీబమ్మ బర్రె చూడి కట్టిందని కూడా, ఉత్తరంలోనే కాబట్టి, మొహమాటం లేకుండా రాశాడు.

ఆ తర్వాత రెండేళ్లకు నా సిద్ధాంత గ్రంథం మీద ముఖాముఖి. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నెమ్మదైన మనిషి. నా పటాలన్నీ చూసి, ప్రొటీన్‌ను ఎక్కడ పట్టుకుంటుందో అడిగి, జవాబులన్నీ విని, చివరికి కలం మూత పెడుతూ, "అంతా బాగానే ఉందమ్మాయీ. ఒక్కటే సందేహం. మన దగ్గర దొరికే విరుగుడు మందు నాలుగు జాతుల పాములకూ కలిపి ఒకటే కదా. కరిచింది కట్లపామని తెలుసుకుని నువ్వు చేసేదేముంది?" అన్నారు. మా సారు కిటికీ బయటికి చూడడం మొదలుపెట్టారు. నాలుగేళ్లలో మేమిద్దరం ఒక్కసారి కూడా అనుకోని ప్రశ్న అది. డిగ్రీ చేతిదాకా వచ్చి జారిపోతున్నట్టు అనిపించింది. అప్పుడు నా నోట్లోంచి మాటలు వాటంతటవే వచ్చాయి. "ఏ పామన్నది కాదు సార్ ప్రశ్న. ఒక మనిషి పొద్దున్నే కడుపునొప్పి అంటూ వస్తాడు. కాటు లేదు, వాపు లేదు. అసలు పామని ఎవరికి తెలుసు? తెలియకపోతే మందు ఉండి ఏం లాభం?" ఆయన కలం మూత మళ్లీ తీశారు. ఏదో రాసుకున్నారు. "చాలా మంచి ఆలోచన. ఇది నీకెప్పుడు తట్టింది?" అని అడిగారు. నేను ఏమాత్రం తడుముకోకుండా, "మొదటి నుంచీ ఉంది సార్" అన్నాను.

రక్తంలో విషాన్ని పట్టే ఆ పరీక్ష ఊళ్ల దాకా రాలేదు. మా పరిశోధన పత్రం నలుగురు చదివారు, నా తర్వాతివాళ్లు ఇంకా మెరుగైనవి చేశారు, 4బి7 కూడా ఏదో ఓ డబ్బాలో నిద్రపోతూ ఉంటుంది. మొన్న అలమర సర్దుతుంటే నా సిద్ధాంత గ్రంథం బయటపడింది. కృతజ్ఞతల పేజీ తీశాను. మా సారు ఉన్నారు, తోటి విద్యార్థులున్నారు, ఎలుకల గది కాపలాదారున్నాడు, టైపు చేసినాయన ఉన్నాడు, మామ ఉన్నాడు. పేజీ కింద నాలుగు వేళ్ల ఖాళీ జాగా కూడా ఉంది. ఎవరికీ చోటు చాలక కాదు. ఒక పెద్ద పరీక్షకుడి ముందు నాదని చెప్పుకున్న మాటకు వేరే యజమాని ఉందని ఒప్పుకోవడానికి ఇరవై ఎనిమిదేళ్ల పిల్లకు మనసొప్పలేదు, అంతే. ఇప్పుడు ఆ పిల్ల మీద కోపం కూడా రావడం లేదు. కోటు చేతులు ఇంకా మడిచే ఉన్నాయి పాపం. కలం తీసుకుని ఆ ఖాళీలో రాద్దామని కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, బీబమ్మ అన్నది పిలుపే తప్ప, ఆమె అసలు పేరు నేనెప్పుడూ అడగలేదని. మామను అడుగుదామంటే మామ లేడు. కాసేపు కలం అలాగే పట్టుకుని, చివరికి, 'తన బర్రె వంతు పుల్లను నాకిచ్చి, నా ప్రశ్న ఏమిటో నాకు చెప్పిన బీబమ్మకు' అని రాశాను. పాత కాగితం కదా, సిరా కొంచెం పాకింది.